ఎల్బే ఒడ్డున

పన్నెండేళ్లు ఓడల్లో తిరిగాను. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ కనపడితే చాలు, ఇల్లు చేరినట్టే ఉండేది. ప్రేమించిన అమ్మాయి కోసం జర్మనీలోని హాంబర్గ్‌లో స్థిరపడ్డాను. ఇక్కడ రేవు ఉంది కానీ సముద్రం లేదు! ఎల్బే నది మీద సుమారు 100 కిలోమీటర్లు లోపలికి రావాలి ఓడలు. మొదటి చలికాలం భాష రాదు, పని లేదు, ఫోన్ చేస్తే అమ్మ ఏడుపు.

అప్పుడే మా ఆవిడ నన్ను హాంబర్గ్ పక్కనే ఎల్బే ఒడ్డున ఉన్న వెడెల్ అనే ఊరికి తీసుకెళ్లింది. అక్కడ 1952 నుంచి, వచ్చే పెద్ద ఓడలకు వాటి దేశపు జాతీయగీతం వినిపించి స్వాగతం చెబుతారు. నాకు గొంతు పట్టేసింది.

నిన్న మళ్లీ వెళ్లాం. మన జెండా ఉన్న ఓడ రాలేదు. ఏదో ఓడ డెక్ మీంచి ఒక కుర్రాడు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను, కనుమరుగయ్యేదాకా.