వివక్ష ఫిర్యాదులో కారణం అడగాలి

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన మనిషిని మెల్లగా ఇంటికి సాగనంపాలని చూడటం ఇంకా ఆగలేదు. హనుమకొండలో నాకు తెలిసిన ఒక ప్రభుత్వోద్యోగి ప్రమాదంలో కాలు పోగొట్టుకొని తిరిగి విధుల్లో చేరబోతే, స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు పెట్టుకోమని పైఅధికారి నోటిమాటగా చెప్పారు. ఇలాంటప్పుడు మనవాళ్లకు ముందుగా గుర్తుకొచ్చేది కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణి. అక్కడ ఇచ్చిన అర్జీ సంబంధిత శాఖకే వెళ్తుంది కాబట్టి, ఫిర్యాదు ఎవరి మీదో వారి బల్ల మీదికే చేరే అవకాశం ఉంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇందుకు వేరే దారి చూపింది. 20వ సెక్షన్ ప్రకారం అటువంటి ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే వేతన స్కేలులో మరో పోస్టుకు మార్చాలి. ఉల్లంఘన జరిగితే ఆ కార్యాలయంలోని ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాసివ్వాలి. నమోదైన రెండు వారాల్లో ఆయన విచారణ జరపాలి. తృప్తి కలగకపోతే జిల్లా స్థాయి కమిటీ ఉంది, హక్కుల హరణంపై విచారించడానికి హైదరాబాద్‌లో దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు.

ఆ ఉద్యోగి మొదటి అర్జీ నిండా పిల్లల చదువులు, అప్పులు, మందుల ఖర్చులే ఉన్నాయి. అవన్నీ నిజమే, కానీ విచారణలో తేలవలసింది వేరు. ఏ తేదీన, ఎవరు, ఏమన్నారు, మరో పోస్టు ఇమ్మని తాను ఎప్పుడు రాసిచ్చారు, దానికి ఇన్‌వార్డు నంబరు ఉందా అన్నవే అక్కడ నిలబడతాయి. తిరిగి రాసిన అర్జీ ఒక్క పేజీ. దానికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, చివరి వేతన పత్రం, తన విజ్ఞప్తి నకలు జతచేశారు.

కమిషనర్‌కు సాక్షులను పిలిపించడంలో, రికార్డులు తెప్పించడంలో, అఫిడవిట్లపై సాక్ష్యం తీసుకోవడంలో సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉన్నాయి. నోటిమాటగా నడిచిన వ్యవహారం కాగితం మీదికి రాక తప్పని స్థితి అక్కడే ఏర్పడుతుంది. చివరికి వచ్చేది సిఫార్సే కదా అని చాలామంది నిరుత్సాహపడతారు. వారితో నేను ఏకీభవించను. 81వ సెక్షన్ ప్రకారం సిఫార్సు అందుకున్న అధికారి తీసుకున్న చర్యను మూడు నెలల్లో తెలియజేయాలి. అంగీకరించకపోతే కారణాలను అదే గడువులో కమిషనర్‌కు చెప్పి, బాధితునికి కూడా తెలియజేయాలి. కారణం లేని నిరాకరణ కన్నా కారణం రాసిన నిరాకరణను హైకోర్టులో ప్రశ్నించడం తేలిక, అందువల్ల ఆ ఉత్తరం ప్రతికూలంగా వచ్చినా సరే, కవరుతో సహా భద్రపరచుకోవాలి.