కాశి మీద కోపం, కందబచ్చలి మీద అలక

ఓ మునీశ్వర! వినవయ్య, యున్న యూరుఁ
గన్నతల్లియు నొక్కరూపన్న రీతి
యటు విశేషించి శివుని యర్ధాంగలక్ష్మి
కాశి, యివ్వీటి మీద నాగ్రహము దగునె?

శ్రీనాథుడు 15వ శతాబ్దంలో రచించిన భీమేశ్వర పురాణంలోని తేటగీతి ఇది. ఈ ఘట్టాన్ని బడిలో ‘భిక్ష’ అనే పాఠంగా చదువుకున్నవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు మాత్రం మా నాన్నగారు అరుగు మీద కూర్చుని చెప్పగా చిన్నప్పుడే నోటికి వచ్చింది. అర్థం పెద్ద కష్టమైనదేమీ కాదు. ఉన్న ఊరూ కన్నతల్లీ ఒకటే అంటారు కదా, పైగా కాశి సాక్షాత్తూ శివుడి అర్ధాంగి, అటువంటి ఊరి మీద కోపం తగునా మునీశ్వరా, అని ఒక పెద్దముత్తైదువ వేదవ్యాసుణ్ణి మందలిస్తోంది. ఆ ముత్తైదువ అన్నపూర్ణే. ఈ పద్యాన్ని ఇన్నేళ్లూ అమ్మవారి వైపు నిలబడి చదివాను. ఈ ఏడు కార్తికంలో రెండో సోమవారం సాయంత్రం మా వంటింట్లోనే నేను అటు వైపు నుంచి ఇటు వైపుకు, అంటే వ్యాసుడి పక్కకు, జరగవలసి వచ్చింది.

ముందుగా కథ. వ్యాసుడు శిష్యులతో కాశిలో భిక్షాటనతో కాలం గడుపుతున్నాడు. ఆయన్ని పరీక్షించాలని విశ్వనాథుడు మాయ పన్నాడు. దానితో ఆ రోజు ఒక ఇల్లాలు వంట అవుతోందంది, ఒకామె మళ్లీ రమ్మంది, ఇంకొకామె ఇవాళ దేవకార్యమంది, మరొకామె తలుపే తీయలేదు. వీళ్లు నిజానికి ఎటువంటి ఇల్లాళ్లో కూడా శ్రీనాథుడు మరిచిపోకుండా చెప్పాడు. వాకిట గోమయంతో అలికి, ముగ్గు పెట్టి, వచ్చిన అతిథికి అర్ఘ్యపాద్యాలిచ్చి, కడిగిన పసిడి గరిటెతో అన్నం మీద నెయ్యి చల్లి మరీ పెట్టేవాళ్లు వాళ్లు. అటువంటి ఊళ్లో మర్నాడూ అదే వరస. ఆకలికి తాళలేక వ్యాసుడు కాశివాసులకు మూడు తరాల దాకా ధనం ఉండకూడదని, విద్య ఉండకూడదని, మోక్షం ఉండకూడదని శపించబోయాడు. వేదాలను విభజించిన మహానుభావుడు రెండు పూటల అన్నం దొరకనందుకు మూడు తరాల దాకా వెళ్లాడన్నమాట.

ఇక మా ఇంటి సంగతి. కార్తిక సోమవారం నాడు నేను నక్తం ఉంటాను, అంటే పగలంతా ఉపవాసం ఉండి రాత్రి నక్షత్రాలు చూశాక భోజనం చేస్తాను. ఉపవాసం నాది గానీ వంట ఆగదు. తెల్లవారుజామునే స్నానం చేసి, తులసికోట దగ్గర దీపం పెట్టి, పిల్లలిద్దరికీ క్యారేజీలు కట్టి, మధ్యాహ్నం పొలం నుంచి వచ్చే ఆయనకు వడ్డించి, నాలుగింటికి మళ్లీ పొయ్యి వెలిగించాను. ఆ రోజు సాయంత్రానికి ఆవ పెట్టిన కందబచ్చలి కూర అనుకున్నాను. కంద చెక్కు తీస్తే దురద పుడుతుందని చేతులకు నూనె రాసుకుంటాం కదా, ఎంత రాసుకున్నా వేళ్ల సందుల్లో ఎక్కడో ఒకచోట అంటుకుంటూనే ఉంటుంది. కంద ముక్కలు మెత్తగా ఉడికాక బచ్చలి ఆకు వేసి, చింతపండు పులుసు పోసి దగ్గరికి రానిచ్చి, పొయ్యి మీద నుంచి దించాక మాత్రమే నూరిన ఆవ కలపాలి. ఆవ పొయ్యి మీద ఉడికిందా, చేదెక్కి కూర మొత్తం పాడవుతుంది. మా గోదావరి జిల్లాలవాళ్లకు ఈ కూర అంటే ప్రాణం అని అందరూ అంటారు గానీ, ఆ అందరిలో మా అబ్బాయి లేడు. వాడు ఎనిమిదో తరగతి.

ఆ సాయంత్రం అందరి మనసులూ బరువుగానే ఉన్నాయి. సముద్రంలో వాయుగుండం ఉందన్నారు. చేలో సార్వా పంట కోసి పనల మీద ఉంది. వాన పడితే పనలు నానిపోయి గింజ మొలకెత్తుతుందని ఆయన గట్టు మీదకీ ఇంటికీ పదిసార్లు తిరిగారు, అడిగిన మాటకు సరిగా బదులు చెప్పలేదు. ఆకాశం నిండా మబ్బు. ఆరు దాటాక ఇంక చుక్కలు కనిపించాలి, ఒక్కటీ కనిపించదు. నేను రెండుసార్లు పెరట్లోకి వెళ్లి తలెత్తి చూసి వచ్చాను. నక్షత్ర దర్శనం అని పేరే గానీ, నిజం చెప్పాలంటే అప్పుడు నా చూపులో భక్తి కన్నా ఆకలే ఎక్కువ ఉంది.

వాడు కంచం ముందు కూర్చుని, మూత తీసి, “మళ్లీ కందేనా?” అన్నాడు. అంతే అన్నాడు. కంచం కాస్త ముందుకు తోశాడు కూడాను.

“ఒక్కపూట అన్నం దొరక్కుండా పోతే గానీ నీకు దాని విలువ తెలియదురా. దొరక్కుండానే పోవాలి నీకు!” అన్నాను.

ఇది మందలింపు కాదు. వ్యాకరణం చూసినా, స్వరం చూసినా ఇది శాపమే. మూడు తరాలు అనలేదన్న మాటే గానీ, అన్నం దొరక్కుండా పోవాలి అన్న మాట కన్నకొడుకును ఉద్దేశించి, అన్నం ముందు, కార్తిక సోమవారం సంధ్యవేళ నా నోట వచ్చింది. వాడు ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. చెయ్యి కడుక్కుని వీధరుగు మీదకు వెళ్లి కూర్చున్నాడు. వాడి చెల్లెలు గరిటె వంక చూస్తూ నోట్లో ముద్ద నమలడం మానేసింది.

తల్లులం కాబట్టి ఈ కథలో మన పాత్ర అన్నపూర్ణ పాత్రేనని మనకు మనమే నిర్ణయించుకుంటాం. పండగలకు బంధువులు కూడా ‘అన్నపూర్ణమ్మ చేతి వంట’ అని పొగిడి ఆ అపోహను పెంచుతారు. గరిటె పట్టుకున్న ప్రతివారూ అన్నపూర్ణ కారని, గరిటె పట్టుకునే శపించవచ్చునని నాకు ఆ పూట తెలిసింది. అమ్మవారు ఆ ఘట్టంలో ఇంకో పద్యం కూడా చెబుతుంది. గొంతు దాకా మాధుకర భిక్ష తినలేకపోయేసరికి ఇంతగా అంగలార్చుతున్నావే, నువ్వేం శాంతుడివయ్యా, పిడికెడు నివ్వరి ధాన్యంతో, కూరాకులతో, దుంపలతో, పొలంలో రాలిన గింజలు ఏరుకుని కాలక్షేపం చేసే తాపసులు నీకంటే తెలివితక్కువవాళ్లా, అని ఎత్తిపొడుస్తుంది. ఆ తాపసుల జాబితాలో ‘కందభోజులు’ అనే మాట ఒకటుంది. అక్కడ కంద అంటే ఏ దుంపైనా కావచ్చు. అయినా, వంటింట్లో ఆ పద్యం గుర్తుకు వచ్చినప్పుడు ఆ ఒక్క మాట నన్ను చూసి నవ్వినట్టే అనిపించింది.

అత్తయ్యగారు జరిగినదంతా పక్కగదిలోంచి విన్నారు. ఆవిడ లేచి వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా పీట వాల్చి, విస్తరి వేసి, “మబ్బేస్తే చుక్కలు లేనట్టా ఏంటి? ముందు నువ్వు తినమ్మాయ్, ఆనక మాట్లాడుకుందాం” అన్నారు. చుక్క చూడకుండా తినకూడదని నేను నసిగాను. “దీపం చూసుకుని తినెయ్, నేను చెబుతున్నాగా” అన్నారు. ఆవిడే వడ్డించారు. ముద్దపప్పు, నెయ్యి, కందబచ్చలి. నాలుగు ముద్దలు లోపలికి వెళ్లేసరికి నా కోపం ఎక్కడికి పోయిందో వెతికినా కనబడలేదు. అంత సిగ్గుచేటైన విషయం మరొకటి లేదు. పొద్దున్నుంచి వ్రతం అనుకున్నదీ, సాయంత్రం న్యాయమైన ఆగ్రహం అనుకున్నదీ రెండూ ఉత్త ఆకలేనని కడుపు తేల్చి చెప్పేసింది.

కార్తిక పురాణం సోమవార వ్రతాన్ని 6 విధాలుగా చెప్పింది: ఉపవాసం, ఏకభుక్తం, నక్తం, అయాచితం, స్నానం, తిలదానం. వీటిలో అయాచితం అంటే తనంతట తాను వండుకోకుండా, ఎవరినీ అడగకుండా, ఎవరైనా పిలిచి పెడితేనే భోజనం చెయ్యడం. ఇన్నేళ్లలో నేను ఎన్నడూ దాని జోలికి పోలేదు, ఇల్లాలికి అది ఎలా కుదురుతుంది అనుకునేదాన్ని. మా ఇంట్లో మిగిలినవాళ్లంతా ఏడాది పొడుగునా నిష్ఠగా అయాచితమే పాటిస్తున్నారు, పాపం, ఆ పుణ్యం సంగతి వాళ్లకే తెలియదు! ఆ రోజు మాత్రం నక్తం తప్పి, అయాచితం తనంతట తానే నాకు దక్కింది.

వ్యాసుడికి జరిగినదీ అదే. అమ్మవారు ఆయన్ని పిలిచిన తీరును శ్రీనాథుడు ‘రత్నఖచితాభరణంబులు ఘల్లు ఘల్లనన్’ అని వర్ణించాడు. శపించడానికి సిద్ధంగా ఉన్న మనిషిని చెయ్యి ఊపి, గాజులు గలగలలాడుతుండగా, ఇటు రావయ్యా అని ఇంట్లోకి పిలవడం ఎంత చనువైన పని! ఆ తర్వాత మందలించింది, నిజమే. కానీ ఆ మందలింపు, శిష్యులను వెంటబెట్టుకుని చప్పున వచ్చి భోజనం చెయ్యి అనే పిలుపుతో ముగిసింది. వ్యాసుడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. అంత ఆకలిలోనూ ఆయన, నాకు 10 వేల మంది శిష్యులున్నారు, వాళ్లు తినకుండా నేను తినే వ్రతం కాదు నాది, అన్నాడు. శాపం నోటిదాకా వచ్చిన మనిషికి పిల్లల ఆకలి గుర్తుండటం నాకు ఊరటగా ఉంటుంది. అమ్మవారు, ఎంతమంది వచ్చినా కామధేనువులా పెడతాను, రమ్మంది.

ఈ మాట చదివినప్పుడల్లా లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు గుర్తొస్తారు. 1841లో పుట్టి 1909లో కాలం చేసిన ఆవిడ, ఏటిపాయలు దాటి వేళాపాళా లేకుండా వచ్చే బాటసారులకు జీవితమంతా వండి వడ్డించారు. ఆవిడ గురించి మా వైపు చెప్పుకునే కథ ఒకటుంది. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరి వెళుతూ ఉంటే, దారిలో ఒక పెళ్లివారి గుంపు ఎదురైందట. ఆకలితో అల్లాడుతున్న పిల్లలను ఊరుకోబెడుతూ, ఇంకాస్త దూరం వెళితే సీతమ్మగారి ఇల్లు వస్తుంది, అక్కడ అన్నం పెడతారు అని ఆ పెద్దలు చెప్పడం ఆవిడ చెవిన పడిందట. వెంటనే పల్లకి వెనక్కి తిప్పించి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారట. ఈ కథ చెప్పేవాళ్లందరూ ఆవిడ త్యాగాన్ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం అంత దూరం వెళ్లి దర్శనం కాకుండా తిరిగి వచ్చాక పొయ్యి ముందు ఆవిడ ముఖం ఎలా ఉండి ఉంటుందా అన్న ఆలోచన వస్తుంది. విసుక్కోలేదనే నా నమ్మకం. విసుక్కునే చేతి అన్నం కోసం జనం ఏళ్ల తరబడి ఏరు దాటి రారు.

భోజనమయ్యాక ఆనక అన్న మాట ప్రకారం అత్తయ్యగారు మాట్లాడారు. ఏమన్నారో ఇక్కడ రాయను, కొంచెం గట్టిగానే అన్నారు. ఆ తర్వాత నేను అరుగు మీదకు వెళ్లి వాడి పక్కన కూర్చుని, “తప్పు మాట అన్నాను నాన్నా” అన్నాను. వాడు, “ఆకలేసి అన్నావులే” అన్నాడు. ఆ మాట వాడి చెల్లెలికి నేనే ఎప్పుడూ చెబుతుంటాను, అన్నయ్య ఆకలి మీద ఉన్నాడు, కదపకు, అని. కంద మాత్రం తినలేదు. పప్పు, పెరుగు కలుపుకుని తిన్నాడు, నేనూ బలవంతపెట్టలేదు.

పురాణంలో వ్యాసుడి కథ విందుతో ముగియదు. ఆయన కడుపు నిండాక విశ్వనాథుడు ప్రత్యక్షమై, కోపిష్ఠికి కాశిలో చోటు లేదు, వెళ్లిపొమ్మన్నాడు. శిక్ష తప్పలేదు గానీ, ఆకలి కడుపు మీద మాత్రం వెయ్యలేదు. ఎక్కడికి పోవాలో తెలియని ఆయనకు దక్షారామానికి వెళ్లమని దారి చూపింది మళ్లీ అమ్మవారే. దారిలో అగస్త్యుడు తోడయ్యాడు, ఆయనా ఒకప్పుడు కాశిని విడిచి రావలసివచ్చినవాడే. అంటే పుట్టినప్పటి నుంచి మేము కార్తిక మాసమంతా తిరిగే ద్రాక్షారామం, ఆకలి కోపంతో ఊరు పోగొట్టుకున్న మనిషికి అమ్మ చూపించిన ఊరన్నమాట.

వాయుగుండం పక్కకు పోయింది, పనలు దక్కాయి. ఆ ఆదివారం అందరం యానాం వారధి మీదుగా గౌతమి దాటి ద్రాక్షారామం వెళ్లాం. అక్కడ భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు ఉంటుంది కదా, మెట్లెక్కి పై అంతస్తుకు వెళితే గానీ అభిషేకం జరిగే శిరోభాగం కనబడదు. జనంలో మా అబ్బాయి నాకు ఆనుకుని నిలబడి, లింగం మీద నుంచి పాలు కిందికి జారడం చూస్తున్నాడు. మాణిక్యాంబ అమ్మవారిని కూడా చూసుకుని, సప్తగోదావరి గుండం మెట్ల మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పినప్పుడు వాళ్లిద్దరికీ వ్యాసుడి కథ చెప్పాను. వాడు శ్రద్ధగా విని, “మరి ఇక్కడికి వచ్చిన మొదటి రోజు ఆయనకి ఎవరు అన్నం పెట్టారమ్మా?” అని అడిగాడు.

నేను ఆలోచిస్తూ ఉండగానే వాడి చెల్లెలు, “ఇక్కడి వాళ్లే ఎవరో పెట్టుంటారు” అని, తన పొట్లంలో ఏరి పక్కన పెట్టిన పచ్చిమిరపకాయలన్నీ వాడి ఆకులో వేసింది.