చదివింపుల లెక్కకు కంప్యూటరు తెర గీసిన నా అనుభవం

మా అమ్మాయి పదహారు రోజుల పండగ అయి నేటికి నాలుగో రోజు. పందిరి గుంజలు పీకేశారు, అద్దెకు తెచ్చిన గుండిగలు తిరిగి ఇచ్చేశాము, మిగిలిన లడ్డూలు కూడా ఇరుగుపొరుగుకు పంచేశాము. మా బావగారు మాత్రం ఇంకా నా ఫోను ఎత్తడం లేదు. లాంఛనాల్లోనో మర్యాదల్లోనో లోటు జరిగి ఉంటే కాళ్ళ మీద పడైనా సర్దుకునేవాణ్ణి. ఇక్కడ తగువంతా నేను ముచ్చటపడి ఇంటి కంప్యూటరులో గీసుకున్న ఒక చిన్న నమోదు తెర వల్ల వచ్చింది. ఇటువంటి పని తలపెట్టేవారు నా దారిలో పడకుండా ఉంటారని, వేడి చల్లారకముందే రాస్తున్నాను.

మా ఇంట్లో రెండు చదివింపుల పుస్తకాలున్నాయి. ఒకటి 1992లో మా పెళ్ళిది, రెండోది 2004లో మా గృహప్రవేశానిది. ఎవరింటి నుంచి శుభలేఖ వచ్చినా మా ఆవిడ అటక మీది నుంచి ఆ రెండూ దింపించి, దుమ్ము దులిపి, ఒక్కొక్క పేజీ తిరగేస్తూ ‘వీళ్ళు మనకెంత చదివించారు’ అని వెతుకుతుంది. ఆనాటి నూటపదహారుకు ఈనాడు ఎంత పెడితే సమానమవుతుందో మేమిద్దరం ఎప్పుడూ ఒక మాట మీదికి రాలేదు గాని, అసలు ఎవరు ఎంత పెట్టారో క్షణంలో తెలిస్తే చాలు కదా అనిపించింది. అమ్మాయి పెళ్ళికి మూడు నెలల ముందు, ఆ పుస్తకాలతో పాటు రాబోయే చదివింపులను కూడా కంప్యూటరులోకి ఎక్కించాలని నిశ్చయించుకున్నాను. బజారులో అడిగితే ఒక దుకాణదారుడు కిరాణా కొట్లకు అమ్మే బిల్లుల సాఫ్టువేరు అంటగట్టబోయాడు. ముప్పై మూడేళ్ళు జమాఖర్చులు రాసి రిటైరైనవాడికి అది ఏ మూలకూ సరిపోదని గ్రహించి, పట్టికల్లో వివరాలు దాచి వెతికిపెట్టే, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ బేస్‌ను ఎంచుకున్నాను.

దాన్ని పెట్టుకోవడం, అది అడిగిన జావా అనే తోడు సాఫ్టువేరును జతచేయడం ఒక పూట పని. మనిషికి ఒక టేబుల్ (పట్టిక), ఊళ్ళకు ఒకటి, శుభకార్యాలకు ఒకటి, చదివింపులకు ఒకటి చేసి వాటిని సంఖ్యలతో ముడిపెట్టడం మరొక పూట పట్టింది. ఇందులో చెప్పుకోదగిన కష్టమేమీ లేదు.

తెర దగ్గర మొదలైంది అసలు సంగతి. ఫారాన్ని, అంటే నమోదు తెరను, గీసిపెట్టే విజార్డు ‘ఏయే గడులు కావాలి’ అని అడిగితే నేను టేబుల్లో ఉన్నవన్నీ కావాలన్నాను. పద్నాలుగు గడులు వచ్చాయి: పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, పిన్‌కోడు, ఫోను, చుట్టరికం, తేదీ, చదివింపు రకం, మొత్తం, వివరణ. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయని మా ఆవిడను పిలిచి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, ‘పెళ్ళికొచ్చినవాళ్ళను నిలబెట్టి రేషను కార్డు దరఖాస్తు నింపిస్తారా ఏమిటి?’ అంది. నాకు కోపం వచ్చింది గాని, ఆ రాత్రి 1992 నాటి పుస్తకం తెరిచి చూస్తే అందులో ఉన్నవి నాలుగే నిలువు గీతలు: ఇంటిపేరుతో కలిపి పేరు, ఊరు, చదివింపు, మొత్తం. ఆ నాలుగింటితోనే ముప్పై ఏళ్ళుగా మాకు జరిగిపోయింది. పేరుకూ ఇంటిపేరుకూ రెండు గడులు ఉంచి, మిగిలిన తొమ్మిదీ తెర మీది నుంచి తీసేశాను.

తరువాత గడుల వరుస. విజార్డు పేరును ముందూ ఇంటిపేరును వెనకా పెట్టింది, ఎందుకంటే టేబుల్లో నేను అలా రాసుకున్నాను. కవరు మీద మనవాళ్ళెవరూ అలా రాయరు. ఇంటిపేరు ముందుంటుంది, ఆ తరువాత పేరు, కింద ఊరు. కవరు మీద కన్ను ఏ వరుసలో నడుస్తుందో వేలు కూడా తెర మీద ఆ వరుసలోనే నడవాలి. అందుకని గడులను జరిపి ఇంటిపేరును ముందుకు తెచ్చాను. తీరా ట్యాబ్ నొక్కితే కర్సరు మాత్రం పాత వరుసలోనే, మొదట పేరుకు, తరువాత పైకెక్కి ఇంటిపేరుకు, మళ్ళీ కిందికి ఊరికి గంతులు వేసింది. గడిని కంటికి జరపడం వేరు, ట్యాబ్ వరుసను మార్చడం వేరు అని తెలియక ఒక ఆదివారమంతా పోయింది. ఆ వరుస యాక్టివేషన్ ఆర్డర్ అనే చోట విడిగా ఉంటుంది. నాకు కంప్యూటరు నేర్పిన కోచింగు సెంటరువాళ్ళు రెండు నెలల ఫీజు కట్టించుకుని కూడా ఈ ఒక్క ముక్క చెప్పలేదు.

ఊరి పేరును చేత్తో కొట్టనిస్తే ‘పెద్దాపురం’, ‘పెద్దాపురము’, ‘పెద్దపురం’ అని ఒకే ఊరు మూడు ఊళ్ళవుతుంది. అందుకని అక్కడ లిస్ట్ బాక్స్ పెట్టి, ఊళ్ళ టేబుల్ నుంచి ఎంచుకోవడమే తప్ప టైపు చేయడానికి వీలు లేకుండా చేశాను. మొత్తానికి మాత్రం కాంబో బాక్స్ పెట్టాను. 116, 516, 1,116, 2,116, 5,116 అని ముందే జాబితాలో ఉంటాయి, వేరే అంకె అయితే టైపు చేసుకోవచ్చు. అంకెలు తప్ప మరేమీ తీసుకోవద్దని కట్టడి చేయడం కూడా అవసరమే, ఎందుకంటే నావంటి పాతకాలపు గుమాస్తాకు మొత్తం రాశాక పక్కన అడ్డగీత పెట్టకపోతే చెయ్యి ఆగదు. ముందే తీసేసిన తేదీ గడి స్థానంలో శుభకార్యం పేరు దానంతట అదే పడేలా పెట్టాను. ముహూర్తం రాత్రి పదకొండు దాటాక కనుక, తేదీని కంప్యూటరుకు వదిలేస్తే తలంబ్రాలకు ముందు ఇచ్చినవారు ఒక పెళ్ళికీ, తరువాత ఇచ్చినవారు మరొక పెళ్ళికీ వచ్చినట్టు తేలుతుంది. ఈ ఆలోచన ఏ ఇంజనీరుకూ తట్టి ఉండేది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

తెలుగులో టైపు చేసేవారికి ఒక మాట. ‘రామ్‌కుమార్’ అని రాసేటప్పుడు మకార పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పడుతుంది. ఒకరు దాన్ని వేసి, మరొకరు దాని బదులు ఖాళీ వదిలి రాస్తే తెర మీద రెండూ ఇంచుమించు ఒకలాగే కనిపిస్తాయి గాని, వెతికినప్పుడు ఒకటి దొరికితే మరొకటి దొరకదు. నేను దీనికి తెర మీద మందు కనిపెట్టలేక, పేర్లను ముక్కలుగా విడదీసి రాయాలని నియమం పెట్టుకుని ఊరుకున్నాను.

పెళ్ళినాటికి తెర సిద్ధమైంది. ప్రయత్నానికి ఎక్కించిన దొంగ పేర్లను చెరిపినా నమోదులకు బేస్ వరసగా ఇచ్చే సంఖ్యలు మళ్ళీ మొదటికి రావు గనుక, కొత్త ఫైలు తీసుకుని శుభమా అని మొదలుపెట్టాను. మొదటి కవరు మా బావగారిది, అంటే మా ఆవిడ అన్నగారిది. పెళ్ళికూతురి మేనమామ కనుక ఆయన పేరును నా చేత్తో నేనే ఎక్కించాను, 10,116 రూపాయలు. ఆ తరువాత లాప్‌టాప్‌ను మా మేనల్లుడికి అప్పగించాను. వాడు ఇంజనీరింగు చదివాడు, వేళ్ళు చురుకు. వాడికి నేను చెప్పిన జాగ్రత్త ఒక్కటే. ఒక నమోదు నుంచి తరువాతి నమోదుకు వెళ్ళగానే బేస్ దాన్ని తనంతట తానే తీసుకుంటుంది గాని, ఫైలును భద్రపరచేది మాత్రం మనమే. కాబట్టి గంటకోసారి ఫారం మూసి, ప్రధాన కిటికీలో సేవ్ నొక్కి, మళ్ళీ తెరవమన్నాను. వాడు బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టు మూడుసార్లు చేశాడు.

మర్నాడు డబ్బు లెక్కపెడితే కంప్యూటరు చూపిన మొత్తం కన్నా చేతిలో 11,748 రూపాయలు ఎక్కువ ఉన్నాయి. తక్కువ వస్తే తెల్లవార్లూ కూర్చునేవాణ్ణి. ఎక్కువ వచ్చేసరికి ఎవరో పేరు రాయని కవరు ఇచ్చి ఉంటారని సర్ది చెప్పుకున్నాను. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఒక్క రూపాయి హెచ్చు వచ్చినా పద్దు మూయనివ్వని మనిషిని, సొంత ఇంట్లో ఇలా చేశాను.

పదహారు రోజుల పండగనాడు భోజనాలయ్యాక వసారాలో అందరం చాపల మీద కూర్చున్నాము. వియ్యపురాలు కూడా అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళుగా పుస్తకంలో చదివే చదివింపులను ఈసారి కంప్యూటరు చదువుతుందని నేను ఘనంగా ప్రకటించి, మేనల్లుడి చేత మొత్తం పట్టీ చదివించాను. పిఠాపురంవాళ్ళు, సామర్లకోటవాళ్ళు, కాకినాడలో మా ఆఫీసువాళ్ళు, పాలు పోసే మనిషి చదివించిన నూటపదహారుతో సహా అన్నీ వచ్చాయి. మా బావగారు గోడకు ఆనుకుని, వక్కపలుకులు నములుతూ వింటున్నారు. పట్టీ అయిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. నాకు ఇంకా వెలగలేదు, పైగా ‘ఎలా ఉంది బావగారూ?’ అని ఆయననే అడిగాను.

‘బాగానే ఉంది బావగారూ. మా కవరు దారిలో ఎక్కడైనా పడిపోయిందేమో చూసుకోండి,’ అన్నారు ఆయన.

అమ్మాయిని గంపలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకొచ్చిన మేనమామ పేరే పట్టీలో లేదు. మేనల్లుడు గబగబా పైకీ కిందికీ జరిపి చూశాడు, వెతికే గడిలో ఇంటిపేరు కొట్టాడు, లేదు. ఆయన భార్య నవ్వుతూనే, ‘గంప మోత కూలికి చెల్లు వేసుకున్నారేమో లెండి,’ అంది. వియ్యపురాలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి రాయను. ఆయన అప్పుడే లేచి, చెప్పులు వేసుకుని, సాయంత్రం బస్సుకు టైమవుతుందన్నారు. అప్పటికి రెండు గంటలే అయింది.

ఆ రాత్రి మా ఆవిడా నేనూ కవర్ల సంచీ బోర్లించాము. నగదు కవర్లు 389, కంప్యూటరులో ఉన్నవి 386. ఒక్కొక్క కవరు ఆవిడ చదువుతుంటే నేను టిక్కు పెట్టుకుంటూ పోతే, తెల్లవారుజామున మూడు మిగిలాయి: బావగారి 10,116, ఒక దూరపు చుట్టం 1,116, మా వీధి చివరి టైలరు 516. కూడితే సరిగ్గా 11,748.

పొద్దున్నే మేనల్లుణ్ణి పిలిపించి, పెళ్ళిలో ఏం చేశాడో నా ఎదుట మళ్ళీ చేయమన్నాను. ఫారం మూశాడు, సేవ్ చేశాడు, మళ్ళీ తెరిచాడు. తెర మీద మొదటి నమోదు ప్రత్యక్షమైంది, కర్సరు ఇంటిపేరు గడిలో మిణుకుమంటోంది. తెరవగానే కర్సరు అక్కడే నిలవాలని ఎంతో తెలివిగా అమర్చింది నేనే. ‘పాత పేరేదో గడిలో మిగిలిపోయిందనుకున్నాను మావయ్యా, తుడిచేసి కొత్తది కొట్టాను,’ అన్నాడు వాడు. మామూలుగా అమర్చిన ఫారం తెరిచిన ప్రతిసారీ మొదటి నమోదు దగ్గరే తెరుచుకుంటుంది, ఖాళీ గడులతో కాదు. మొదటిసారి తెరిచినప్పుడు బావగారి మీద దూరపు చుట్టం పడ్డాడు, రెండోసారి అతని మీద టైలరు, మూడోసారి టైలరు మీద మరొకరు. ‘ఉన్నది పోతుంది, సరేనా’ అని అది అడగదు, ఎందుకంటే దాని దృష్టిలో మనం ఒక పాత నమోదును దిద్దుకుంటున్నాము, అంతే. మూసి తెరవమని చెప్పిన నా జాగ్రత్తే కొంప ముంచింది. వాణ్ణి ఏమీ అనలేకపోయాను.

విరుగుడు ఎంత చిన్నదో చెబితే ఏడుపొస్తుంది. ఫారం గుణాల్లో డేటా అనే భాగంలో ‘యాడ్ డేటా ఓన్లీ’ అని ఒక వరుస ఉంటుంది. దానికి అవునని పెడితే ఫారం ఎప్పుడు తెరిచినా ఖాళీ గడులతోనే వస్తుంది, పాతవారి జోలికి పోదు. అక్కడే చెరపడానికి అనుమతి కూడా తీసేశాను. ఇప్పుడు నా దగ్గర రెండు తెరలున్నాయి: ఎక్కించడానికి తెల్లది, వెతికి దిద్దడానికి లేత పసుపుది. పసుపు తెర నేను తప్ప ఎవరూ తాకకూడదని ఇంట్లో ప్రకటించాను. తెల్ల తెర అడుగున, ఇప్పటివరకు ఎక్కిన కవర్లెన్ని, మొత్తమెంత అని రెండు అంకెలు కనిపించేలా పెట్టాను. ప్రతి యాభై కవర్లకూ చేతిలోని కట్టతో పోల్చి చూడకుండా ముందుకు వెళ్ళవద్దు. పక్కన ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకోండి. ఇంజనీరింగు చదివిన మేనల్లుడున్నాడని ధీమా పడకండి. తెరను పరీక్షించేటప్పుడు ఒక పేరు ఎక్కించి ‘భేష్’ అనుకోకుండా, ఎక్కించి, మూసి, తెరిచి, మళ్ళీ ఎక్కించి, మొదటి పేరు బతికి ఉందో లేదో చూడండి. నేను ఒక్కసారీ మూసి చూడలేదు.

పోయిన ముగ్గురినీ కవర్లు చూసి తిరిగి ఎక్కించాను. బేస్ తనంతట తాను ఇచ్చే సంఖ్యలు సున్నా నుంచి మొదలవుతాయి కనుక, పెళ్ళినాడు అందరికన్నా ముందు ఎక్కించిన మా బావగారికి సున్నా పడిందన్నమాట. ఆ సున్నా ఇప్పుడు ఎవరో టెంటుహౌసు ఆసామి దగ్గర ఉంది, మార్చడానికి వీల్లేదు. బావగారికి 386 వచ్చింది, టైలరుకు ముందు. నిన్న ఫోనులో వాళ్ళావిడతో పేరు దొరికిందని చెప్పాను. ‘ఎన్నో నంబరు?’ అని అడిగింది. పట్టీ ఇంకా అచ్చు తీయలేదని చెప్పి పెట్టేశాను.