వేసవి ఉద్యోగానికి వచ్చిన బెస్సీ

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కబుర్లు వింటూ పెరిగాను. అందుకే మద్యం వ్యాపారం, ప్రజాసేవ అన్న మాటలు పక్కపక్కన కనిపిస్తే నాకు ముందు నవ్వొస్తుంది. స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఐలా దీవికి ఆ నవ్వుతోనే బయలుదేరాను. లాక్కెళ్లింది మా బావమరిది. వాడు గ్లాస్గోలో ఉద్యోగం చేస్తాడు. "బావా, మీరు తాగరు కదా, మీ వంతు నాదే" అని టిక్కెట్లు కొన్న రోజే తేల్చేశాడు.

గ్లాస్గో నుంచి కెన్నక్రేగ్ రేవుకు బస్సు, అక్కడి నుంచి రెండు గంటలకు పైగా ఓడ. గాలి ఎక్కువగా ఉండి ఓడ ఆలస్యమైంది. చలికి వణుకుతూ నిలబడటం తప్ప ఆ ప్రయాణంలో చెప్పుకోవలసినది లేదు. పోర్ట్ ఎలెన్‌లో దిగి నడక మొదలుపెట్టాక మాత్రం, ఎదురుగా వచ్చే ప్రతి కారులోంచీ ఎవరో ఒకరు చెయ్యి ఊపడం చూసి మాకు తెలిసినవాళ్లెవరా అని వెనక్కి తిరిగి చూశాను. ఆ దీవిలో అది మర్యాదట. జనాభా మూడు వేల పైచిలుకే మరి.

సముద్రం పక్కనే కాలిబాట. ఆ దారిలో వరుసగా మూడు విస్కీ బట్టీలు: లఫ్రోయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్. మేము వెళ్లింది మొదటిదానికి. 1815లో జాన్‌స్టన్ సోదరులు పెట్టినది. తెల్లటి గోడ మీద సముద్రానికి ఎదురుగా నల్లటి పెద్ద అక్షరాలతో పేరు. గేటు దాటకముందే వాసన తగిలింది. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే ఆసుపత్రిలో పూసిన టించర్ అయోడిన్ వాసన, దానికి తోడు పొగ.

లోపల బార్లీని నేల మీద పరిచి ఉంచారు. నానబెట్టి, మొలకెత్తించి, కొయ్య పారలతో తిరగేస్తున్నారు. మా ఊళ్లో నారుమడికి వడ్లు మండె కట్టే పద్ధతే. తేడా ఆ తరవాత వస్తుంది. ఇక్కడ మొలకలు నేలలోకి వెళ్లవు, పీట్ పొగలోకి వెళతాయి. వేల ఏళ్లుగా నాచూ గడ్డీ కుళ్లి గట్టిపడిన బురదను ఇటుకల్లా కోసి ఎండబెడితే అది పీట్. ఆరిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాను. పిడక అంత తేలిక. విరిస్తే లోపల వేళ్ల పోగులు.

బెస్సీ విలియమ్సన్ ఇక్కడికి 1934లో వచ్చింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన అమ్మాయి. వేసవి మూడు నెలలు టైపిస్టు పని చూసుకుని పోదామని వచ్చింది. యజమాని ఇయన్ హంటర్ బట్టీ రహస్యాలు బయటికి పొక్కనివ్వని మనిషి. 1938లో ఆయనకు పక్షవాతం వచ్చింది. బాధ్యతలు ఒక్కొక్కటిగా బెస్సీ మీద పడ్డాయి. యుద్ధకాలంలో సైన్యం ఇక్కడ మందుగుండు నిలవ చేసుకుంది. ఆ రోజుల్లో బట్టీని కాపాడుకొచ్చినది ఆమే. 1954లో పిల్లలు లేని హంటర్ చనిపోతూ కంపెనీని, తన ఇంటిని, ఎదురుగా సముద్రంలో కనిపించే టెక్సా అనే చిన్న దీవిని ఆమె పేర రాసిపోయాడు. ఒడ్డున నిలబడి ఆ టెక్సాను చాలాసేపు చూశాను. పచ్చటి మూపురంలా ఉంది, అంతే. వేసవి జీతానికి వచ్చిన టైపిస్టుకు దీవి దక్కిందంటే మన జానపద కథల్లో కూడా ఒక రాక్షసుడినైనా చంపాలి కదా.

ఇరవయ్యో శతాబ్దంలో స్కాట్లాండ్‌లో విస్కీ బట్టీకి యజమానురాలిగా ఉండి నడిపిన మహిళ ఆమె. 1960లలో కంపెనీని ఒక అమెరికన్ సంస్థ అనుబంధ కంపెనీకి విడతలుగా అమ్మింది. దీవి సొత్తు పరాయివాళ్ల పాలు చేసిందని ఎవరైనా అనవచ్చు. బట్టీని బాగుచేయడానికి తన దగ్గర లేని డబ్బు అలా వచ్చిందన్నది కూడా నిజమే. నేనైతే రెండోవైపే మొగ్గుతాను, ఎందుకంటే అమ్మి వెళ్లిపోలేదు. 1972 దాకా పని చూసుకుంటూ ఇక్కడే ఉంది. దీవిలో చేసిన దానధర్మాలకు 1963లో ఆర్డర్ ఆఫ్ సెయింట్ జాన్ గౌరవం దక్కింది. ఆ పతకం కన్నా నన్ను కదిలించినది వేరే. ఇంత చిన్న దీవిలో బట్టీ మూతపడితే ఓడెక్కి వెళ్లిపోవడం తప్ప ఇంకో దారి లేని ఇళ్లు ఎన్ని ఉంటాయో, ఆ కాలిబాట మీద నడిస్తే తెలుస్తుంది. దూబగుంటలో సారా దుకాణం మూస్తే ఇల్లు నిలబడింది. ఇక్కడ బట్టీ మూస్తే ఇల్లు కూలుతుంది. ఈ రెండూ ఒకే బుర్రలో సర్దుకోవడానికి నాకు ఇంకా కష్టంగానే ఉంది.

బావమరిది రెండు గ్లాసులూ ముగించాడు. నేను ఒక చుక్క అరచేతిలో రుద్దుకుని వాసన మాత్రం చూశాను. అదే టించరు.

మర్నాడు బోమోర్ వెళ్లాం. అక్కడి బట్టీవాళ్లు తమ పాత గోదాము ఒకటి ఊరికి ఇచ్చేశారు. ఊరివాళ్లు దాన్ని ఈతకొలను చేసుకున్నారు. బట్టీలో వృథాగా పోయే వేడితోనే నీళ్లు కాగుతాయి. బయట వాన, లోపల పిల్లల కేకలు. బావమరిది మరో బట్టీ వెతుక్కుంటూ వెళ్లాడు. నేను టికెట్టు కొనుక్కుని కొలనులోకి దిగాను. ఐలా విస్కీలో నేను మునిగింది అంతవరకే, మెడలోతు గోరువెచ్చటి నీళ్లలో.