పుణెలో ఉగాది పచ్చడి

2024 ఏప్రిల్ 9న, క్రోధి నామ సంవత్సర ఉగాదికి, సెలవు దొరకక నేను పుణెలోనే ఉండిపోయాను. మరాఠీవారికి అదే రోజు గుడిపాడ్వా కావడంతో, మిత్రుడు తెల్లవారగానే వచ్చి నన్ను వాళ్లింటికి తీసుకువెళ్లాడు. వెదురు కర్రకు పట్టువస్త్రం, వేపరెమ్మలు, చక్కెర బిళ్లల దండ కట్టి, పైన చెంబు బోర్లించి, కిటికీలో ‘గుడి’ని, అంటే ఆ పండుగ జెండాను, నిలబెట్టారు. పండుగనాడు వాళ్లు వేపాకును బెల్లంతో తింటారు. మన పచ్చడికి మాత్రం పువ్వే కావాలని నేనెప్పుడో చెప్పిన మాటను గుర్తుంచుకుని, వాళ్ల అమ్మగారు ముందురోజే కొమ్మలు దులిపి, కాడలు ఏరి, గుప్పెడు వేపపువ్వు చిన్న గిన్నెలో నాకోసం దాచి ఉంచారు. ఆ గిన్నెను చూడగానే నా కళ్లు చెమర్చాయి. మామిడికాయ తరిగి, కొత్త చింతపండు పులుసులో బెల్లం కరిగించి, పచ్చడి నేనే కలిపాను. మొదటి చెంచా ఆవిడకే ఇచ్చాను. చేదుకు కళ్లు గట్టిగా మూసుకుని, మళ్లీ చెయ్యి చాపారు.