ఉప్పునీళ్లు తిన్న బ్రేకు పైపులు

నిన్న బందర్ నుంచి సముద్రం చేపల లోడుతో వస్తుంటే కంకిపాడు దాటాక మా పాత టాటా 407 లారీ బ్రేక్ పెడల్ మెత్తగా కిందకంటా దిగిపోయింది, పై ప్రాణాలు పైనే పోయాయి, గేర్లు తగ్గించుకుంటూ హ్యాండ్ బ్రేక్ లాగి ఎలాగో పక్కకి ఆపా. ఆటోనగర్ మేస్త్రీ కిందకి దూరి చూసి "ఏంటి బాబాయ్, పైపులన్నీ తుప్పేగా" అన్నాడు. ఐస్ కరిగి కారే ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి ఛాసిస్ మీద పడుతుంటే ఇనప పైపు ఏం మిగులుద్ది మరి, క్లిప్పుల దగ్గరైతే గోరుతో గీకినా పెచ్చులూడొచ్చాయి. చిల్లు పడిన ముక్క వరకే మారుద్దామన్నా (కక్కుర్తి), ఒప్పుకోలా. మొత్తం లైన్లు మార్చి, కొత్త బ్రేక్ ఆయిల్ పోసి, అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక చక్రం నుంచి మొదలెట్టి బ్రేకు లైన్లలో చేరిన గాలి తీశాం, పెడల్ తొక్కీ తొక్కీ నా కాలు పడిపోయింది. ఇప్పుడు పెడల్ గట్టిగానే ఉంది. చేపలు మాత్రం వేరే బండికెక్కించా, ఆ బాడుగ పోయినట్టే.