రిస్క్ ఫామ్‌లో ‘లో’ (తక్కువ రిస్క్) కోసం వెతికిన వారం: నా అనుభవం

నిన్న ఉదయం మా ప్లటూన్ (చిన్న సైనిక దళం) బరువు నడక ముగిసింది, అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. కాళ్ల బొబ్బల కన్నా ఆ కాగితం పెట్టిన మంటే ఇంకా తగ్గలేదు. అమెరికా ఆర్మీలో కొత్తగా ప్లటూన్ చేతికొచ్చిన మనవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నా.

పని చిన్నదే. జూలైలో, జార్జియా రాష్ట్రపు ఉక్కలో, 35 పౌండ్ల బరువు వీపున వేసుకుని 12 మైళ్లు 3 గంటల్లో నడవాలి. దానికి ముందు డీడీ ఫామ్ 2977 అనే రిస్క్ అంచనా కాగితం నింపాలి. పద్ధతంతా ఆర్మీ పుస్తకం ఏటీపీ 5-19లో ఉంది. ప్రమాదాలు గుర్తించు, అంచనా వేయి, నియంత్రణలు తయారుచేసి నిర్ణయం తీసుకో, అమలు చేయి, కనిపెట్టుకుని ఉండి మళ్లీ సరిచూడు. ఐదే మెట్లు.

తేలిక వరుసలు గంటలో అయిపోయాయి. రోడ్డు దాటే చోట గార్డులు, వరుసకు ముందూ వెనకా లైట్లు, ఉరుము వినిపిస్తే ఆగి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలకు కదలడం. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతా: ఎవరిచ్చినా పాత ఫామ్ మీద రాయకండి. పై ఆఫీసు నాకు ‘టెంప్లేట్’ అని పంపింది జనవరి నాటిది. నేను తేదీ ఒక్కటే దిద్ది పంపేశా. అందులో ఫ్రాస్ట్‌బైట్ (గడ్డకట్టే చలి దెబ్బ) వరుస అలాగే ఉండిపోయింది. నవ్వులపాలైంది నేను. పంపినవాళ్లని అడిగిన నాథుడు లేడు.

అసలు కథ వడదెబ్బ వరుసది.

మొదట రాసింది ఇది: ప్రమాదం ‘ఎండ’, మొదటి రిస్క్ హై, నియంత్రణ ‘నీళ్లు తాగమని చెప్పడం’, నియంత్రణ తర్వాత మిగిలిన రిస్క్ ‘లో’. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో పెరిగినవాణ్ని, ఎండ గురించి నాకు ఇంకొకరు చెప్పేదేంటన్న పొగరు. మా దగ్గర ‘లో’ అయితే కంపెనీ కమాండర్ సంతకం చాలు. మీడియం అయితే బెటాలియన్ కమాండర్, హై అయితే బ్రిగేడ్ కమాండర్, ఎక్స్‌ట్రీమ్లీ హై అయితే జనరల్ దాకా వెళ్లాలి. శుక్రవారం నడక కదలాలంటే ‘లో’ పడాలి, అందుకే వేశా.

రెండుసార్లు వట్టినే తిప్పి పంపారు. మూడోసారి ఆపరేషన్స్ మేజర్ పిలిపించి, నా సార్జెంట్ల ముందే ఆ పేజీని గోడ మీద వేశాడు. పక్కన మాట్రిక్స్ పెట్టాడు, అంటే తీవ్రత, జరిగే అవకాశం బట్టి రిస్క్ చెప్పే పట్టిక. వడదెబ్బతో మనిషి చనిపోవచ్చు కదా, అయితే తీవ్రత ఏ వరుస అన్నాడు. క్యాటాస్ట్రఫిక్, అన్నిటికన్నా పై వరుస అన్నా. “అయితే ఆ వరుసలో ‘లో’ ఎక్కడుందో చూపించు” అన్నాడు.

లేదు. పై వరుసలో ఐదు గళ్లు, జరిగే అవకాశం తగ్గే క్రమంలో. ఫ్రీక్వెంట్, లైక్లీ అయితే ఎక్స్‌ట్రీమ్లీ హై. అకేషనల్, సెల్డమ్ అయితే హై. ఆఖరి గడి, అన్‌లైక్లీ కూడా మీడియమే. ప్రాణం పోయే ప్రమాదానికి తీవ్రత దించకుండా ‘లో’ రాయడానికి ఆ పట్టికలో చోటే లేదు. చెవుల దాకా ఎర్రబడి నిలబడ్డా.

తర్వాత అడిగిందే అసలు పాఠం. “నీ నియంత్రణ దేన్ని తగ్గించింది? జరిగే అవకాశాన్నా, జరిగితే పడే దెబ్బనా?” నీళ్లు తాగమని చెప్పడం అవకాశాన్ని కొంచెం తగ్గిస్తుందేమో, దెబ్బను అసలు తగ్గించదు. పైగా హద్దు చెప్పకపోతే అదే ఇంకో ప్రమాదం. గంటకు ఒకటిన్నర క్వార్ట్ (క్వార్ట్ అంటే దాదాపు లీటరు), రోజుకు 12 క్వార్ట్‌లు దాటితే ఒంట్లో సోడియం పలచబడి మనిషి పడిపోతాడు. చూసేవాళ్లు వడదెబ్బే అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు.

ఆ రాత్రి వరుసను విడగొట్టి రాశా. అవకాశాన్ని తగ్గించేవి ఒక పక్క: బయల్దేరేది ఉదయం 4కి, బాడీ ఆర్మర్ తీసేయడం, డబ్ల్యూబీజీటీ (తేమ, ఎండ, గాలి వేడి కలిపి చూసే రీడింగ్) కొలత. ఆర్మర్ ఉంటే ఉక్క ప్రాంతంలో ఆ రీడింగ్‌కు 5 డిగ్రీల ఫారెన్‌హీట్ కలపాలి, కాబట్టి దాన్ని తీసేయడమే పెద్ద నియంత్రణ. మనం ఊళ్లో చూసే మామూలు థర్మామీటర్‌కు ఈ లెక్కలో పదో వంతే విలువ. 0.7 వంతు తేమను పట్టే తడి బల్బుది, 0.2 ఎండను పట్టే నల్ల గోళానిది. నా రోహిణి కార్తె అనుభవం అక్కడే వీగిపోయింది. తెల్లవారుజామున ఎండ లేకపోయినా, గాలిలో తేమ నిండి చెమట ఆరకపోతే చాలు, వడదెబ్బ తగలడానికి.

ఆగే గీత కూడా అంకెతోనే రాశా: రీడింగ్ 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే నడక ఆపాలి. అది ఆర్మీ వేడి పట్టికలో కేటగిరీ 3. గట్టి పనికి 30 నిమిషాల పని, 30 నిమిషాల విశ్రాంతి. 3 గంటల్లో 12 మైళ్ల లెక్క ఇక కుదరదు.

దెబ్బను తగ్గించేవి ఇంకో పక్క: మూడు చోట్ల మెడిక్, ఐస్ నీళ్లలో నానబెట్టిన దుప్పట్ల కూలర్లు. మాట తడబడినా, తిక్కగా ప్రవర్తించినా బరువు విప్పి, ఒళ్లంతా ఐస్ దుప్పట్లు కప్పి, వేడెక్కగానే మారుస్తూ ఉండాలి. ముందు చల్లార్చాలి, అంబులెన్స్ ప్రయాణం ఆ తర్వాతే. వీటన్నిటితో తీవ్రత కింది వరుస క్రిటికల్‌కు, అవకాశం సెల్డమ్‌కు దిగాయి. పట్టికలో మీడియం. ఎవరు, ఎలా అమలు చేస్తారో రాసే ఎనిమిదో గడిలో ‘అందరూ’ అని రాయకుండా, రీడింగ్ తీసే సార్జెంట్ ఎవరో, ఎన్ని నిమిషాలకోసారి తీస్తాడో రాశా. ‘లీడర్లు చూసుకుంటారు’ అని రాసినచోట ఎవరూ చూసుకోరు.

ఫామ్ మొత్తానికి పడే రిస్క్ సగటు కాదు, మిగిలినవాటిలో పెద్దది. పది వరుసలు ‘లో’ అయినా ఒక్కటి మీడియం ఉంటే మొత్తం మీడియమే. బెటాలియన్ కమాండర్ సంతకం పెడుతూ ఒక్క ప్రశ్న వేశాడు: వెనక వచ్చే ట్రక్కు వాగు దాటే చోట రాత్రి వాన పడితే? 2016 జూన్‌లో టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో ఔల్ క్రీక్ వరదలో శిక్షణ ట్రక్కు బోల్తాపడి ఎనిమిది మంది సైనికులు, ఒక వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ క్యాడెట్ చనిపోయారు. నా ఫామ్‌లో ఆ వాగు లేదు. నడిచే దారి చూశాను గానీ ట్రక్కు దారి చూడలేదు. అక్కడికక్కడే ఇంకో వరుస చేర్చి, ట్రక్కును చుట్టుదారిన పంపా.

నిన్న చివరి రీడింగ్ 81. ఫామ్ ఆఖర్లో పాఠాలు రాసే గడిలో ఇప్పుడే రాశా: మూడో కూలర్‌ను ట్రక్కు తొట్టిలో ఎండకు పెట్టారు, సగం ఐస్ కరిగిపోయింది, ఈసారి నీడన పెట్టాలి, దాని బాధ్యుడు సప్లై సార్జెంట్.